ఆన్‌లైన్ ఆటల్లో మోసాలు: పిల్లల ఖాతాలు, మన ఫోన్లు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

దసరా సెలవుల్లో పిల్లల చేతిలో ఫోను ఎక్కువసేపు ఉంటుంది కనుక, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ, రోబ్లాక్స్ వంటి ఆటల చుట్టూ జరుగుతున్న మోసాల గురించి ఈసారి కొంత వివరంగా రాస్తున్నాను. ఆటలు మాన్పించమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఈ ఆటల్లో దుస్తులు, ఆయుధాల హంగులు కొనడానికి డైమండ్లు, యూసీ, రోబక్స్ అనే ఆటలోని నాణేలు కావాలి, వాటిని అసలు డబ్బు పెట్టే కొనాలి. డబ్బు లేని పిల్లవాడికి "ఉచితంగా డైమండ్లు" అనే లింకు యూట్యూబ్ వీడియో కిందనో, టెలిగ్రామ్ గ్రూపులోనో కనబడుతుంది. నొక్కితే అచ్చం గూగుల్ లేదా ఫేస్‌బుక్ లాగిన్ పేజీలాంటిదే తెరుచుకుంటుంది, అందులో కొట్టిన పాస్‌వర్డు నేరుగా మోసగాడికి చేరుతుంది. శ్రీవారి దర్శనం టికెట్ల పేరుతో పుట్టుకొచ్చే నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ పదేపదే హెచ్చరించడం తిరుపతివాసులమైన మనకు తెలిసిందే. అక్కడ చిరునామాలో చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకున్నట్టే, లాగిన్ పేజీ చిరునామాను చూడడం పిల్లలకు మీరే పక్కన కూర్చుని నేర్పాలి.

పోయేది ఆట ఖాతా ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు. చాలా ఇళ్లలో పిల్లలు ఆడేది నాన్నగారి జీమెయిల్‌తోనే, అందులోనే కుటుంబం ఫొటోలు, ఫోను నంబర్లు, దాచుకున్న పాస్‌వర్డులు ఉంటాయి, ఫోనుకు యూపీఐ కూడా ఉంటుంది. ఆటలో పరిచయమైన "అన్న" ఓటీపీ అడిగినా, డబ్బు పంపుతాను క్యూఆర్ స్కాన్ చేయమన్నా, అది మోసమేనని అనుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. ప్లే స్టోర్ బయట దొరికే "మోడ్ ఏపీకే"లు, అంటే ఎవరో మార్చి తయారుచేసిన ఆట ఫైళ్లు, ఫోనులోకి దొంగ ప్రోగ్రాములను తెచ్చే అవకాశం ఎక్కువ కనుక వాటిని అసలు ఎక్కించనివ్వకండి. ఇక, పందెం కట్టి డబ్బు గెలుచుకోమనే ఆటలను కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది, వాటి ప్రకటనలనూ నమ్మవద్దు.

ఈ వారమే ఒక అరగంట తీరిక చేసుకుని, గూగుల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఇంకో నిర్ధారణ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా మార్చండి, ఆ పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. వీలైతే పిల్లలకు ఫ్యామిలీ లింక్ (పిల్లల ఖాతాను తల్లిదండ్రులు చూసుకునే గూగుల్ యాప్) ద్వారా వేరే ఖాతా తెరవండి.

అయినా నేను అన్నింటికంటే ఎక్కువగా భయపడేది పిల్లల మౌనానికే. ఖాతా పోయిందని చెబితే దెబ్బలు పడతాయనుకున్న పిల్లవాడు, "మీ నాన్నకు చెబుతాను, ఇంకో ఐదు వందలు పంపు" అని బెదిరించేవాడి మాటే వింటాడు, మోసగాడు ఆధారపడేదీ ఆ భయం మీదే. దయచేసి ఈ రాత్రే బిడ్డను పిలిచి, "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నేను కొట్టను" అని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

డబ్బు పోతే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల జాతీయ సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, ఎందుకంటే ఆ సొమ్ము వేరే ఖాతాలకు మారకముందే తెలిస్తే బ్యాంకు దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సందేశాలు, లావాదేవీల స్క్రీన్‌షాట్లు చెరిపేయవద్దు. ఖాతా మాత్రమే పోతే పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి, ఆటలోని సహాయ విభాగానికి తెలపండి.

ఈ అమరికలు ఎలా చేయాలో తెలియని తల్లిదండ్రులు ఏ శనివారమైనా సాయంత్రం నాలుగు గంటలకు ఫోను తీసుకుని బడికి రావచ్చు, కంప్యూటర్ ఉపాధ్యాయులు దగ్గరుండి చేయిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
తిరుపతి