నిప్పు గ్రహానికి ‘ఊహాచిత్రం’ అని రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో ఎర్రగా మండే గ్రహం బొమ్మ తరచూ కనిపిస్తుంది. కింద ‘55 కాంక్రి ఇ’ అని పేరుంటుంది గానీ ఊహాచిత్రమన్న మాట ఉండదు. సుమారు 41 కాంతి సంవత్సరాల దూరంలో, 18 గంటలకోసారి తన నక్షత్రాన్ని చుట్టొచ్చే ఆ గ్రహం నేలను ఏ టెలిస్కోపూ ఫొటో తీయలేదు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌కు అందినవి వెలుగు హెచ్చుతగ్గుల కొలతలే. మనం చూస్తున్నది ఫొటోషాప్ పనితనం. ఆ పనేమిటో పాఠకులకూ తెలియాలని రాస్తున్నాం.

2048 పిక్సెళ్ల చదరపు కాన్వాస్ తీసుకుని, ‘డి’ నొక్కి రంగులను నలుపు, తెలుపుకు తెచ్చి, రెండర్ ఫిల్టర్లలోని క్లౌడ్స్ వేయాలి. దానిపై డిఫరెన్స్ క్లౌడ్స్ ఆరేడు సార్లు. ఒక్కసారితో ఆపితే మసకే మిగులుతుంది, పదే పదే వేస్తేనే సన్నటి గీతలు తేలతాయి. అవి నల్లగా వస్తాయి కాబట్టి కంట్రోల్-ఐతో తిరగేసి, లెవెల్స్‌లో నలుపు స్లైడర్‌ను కుడికి జరిపితే చీకట్లో వెలిగే పగుళ్లవుతాయి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని వృత్తం ఎంచుకుని, బంతిలా ఉబ్బించే స్ఫెరైజ్ ఫిల్టర్ 100 శాతం ఇవ్వాలి. ఇది మరిచి గుండ్రంగా కత్తిరిస్తే వచ్చేది గ్రహం కాదు, అప్పడం.

రంగు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. హ్యూ-శాచురేషన్‌లో కలరైజ్ పెడితే అంతటా ఒకే నారింజ పులుముకుంటుంది. కరిగిన రాయి రంగు వేడిని బట్టి మారుతుంది. అందుకే వెలుగు స్థాయిని బట్టి రంగు వేసే గ్రేడియెంట్ మ్యాప్‌లో నలుపు, ముదురు ఎరుపు, నారింజ, పసుపు, చివర పిసరంత తెలుపు వరసగా పెట్టాలి.

ఒక పక్కను చీకటి చేసే మల్టిప్లై లేయర్ (పొర) అన్నిటికన్నా పైనుంటే పగుళ్ల వెలుగూ ఆరిపోతుంది. స్వయంగా వెలిగేదాన్ని నీడ కప్పలేదు కదా! పగుళ్ల లేయర్‌కు నకలు తీసి, వెలుగును మాత్రమే చూపే స్క్రీన్ మోడ్‌లో నీడకు పైన ఉంచాలి. అంచు కాంతికి అవుటర్ గ్లో చాలు. అందులోని నాయిస్‌ను 2, 3 శాతానికి పెంచకపోతే కాంతి మెట్లు మెట్లుగా విరుగుతుంది.

చుట్టూ మంటలు కావాలంటే (అంతరిక్షంలో మంటలేమిటని అడిగేవారు ఈ మెట్టు వదిలేయొచ్చు) నల్ల నేపథ్యమున్న మంట ఫొటోను చదరంగా మార్చి, తలకిందులు చేసి, బొమ్మను గుండ్రంగా చుట్టే పోలార్ కోఆర్డినేట్స్ ఫిల్టర్‌లో రెక్టాంగులర్ టు పోలార్ ఇవ్వాలి. తలకిందులు చేయకపోతే మంట నాలుకలు లోపలికి తిరుగుతాయి. కుడి ఎడమ అంచులు కలిసేచోట అతుకు కనిపిస్తుంది. ముందే, బొమ్మను పక్కకు జరిపే ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో దాన్ని మధ్యకు తెచ్చి క్లోన్ స్టాంప్‌తో సరిచేసుకోవాలి.

ఇక మీ డిజైనర్లకు ఒక మాట. తెర మీద మెరిసే నారింజ న్యూస్‌ప్రింట్ (పత్రిక కాగితం) ఇంకుల్లో ఇటుక రంగుకు దిగిపోతుంది. ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి) నలుపును ఏదో ఒక ప్రొఫైల్‌తో (రంగుల మార్పిడి సెట్టింగుతో) సీఎంవైకే (అచ్చు ఇంకుల పద్ధతి)లోకి మారిస్తే నాలుగు ఇంకులూ కలిసి న్యూస్‌ప్రింట్ తట్టుకునే 240 శాతం దాటి, ఎదుటి పేజీకి అంటుకుంటాయి. న్యూస్‌ప్రింట్ ప్రొఫైల్‌తోనే మార్చి, ముదురు ఎరుపును కాస్త తేలిక చేసి పంపితే అచ్చులో పగుళ్లు పూడుకుపోవు.

– ఫొటో ఎడిటింగ్ శిక్షకులు, విజయవాడ