ప్రధాన సంఖ్య వార్తలో లెక్క ఏది?

సంపాదకులకు,

కొత్తగా ఏదైనా పెద్ద ప్రధాన సంఖ్య (1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించలేనిది, ప్రైమ్ నంబర్) దొరికిందంటే చాలు, మన పత్రికల్లో, టీవీల్లో రెండు పొరపాట్లు చూస్తుంటాం. మొదటిది ‘ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య’ అనే శీర్షిక. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. అతి పెద్దది అంటూ ఒకటి ఉండదు. ఇప్పటికి తెలిసినవాటిలో పెద్దది, అంతే. రెండోది, దీనివల్ల బ్యాంకు ఖాతాలకు భద్రత పెరుగుతుందన్న మాట. ఆన్‌లైన్ భద్రతకు వాడే ఆర్ఎస్ఏ పద్ధతిలో ప్రధాన సంఖ్యలకు కొన్ని వందల అంకెలే ఉంటాయి. పైగా అవి రహస్యంగా ఉండాలి. ఊరందరి దగ్గరా తాళంచెవి ఉంటే ఇక తాళం ఎందుకు?

2024 అక్టోబరులో ప్రకటించిన సంఖ్యనే చూడండి. 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వస్తుంది. మొత్తం 4,10,24,320 అంకెలు. పేజీకి 20 వేల చొప్పున ఇరికించినా మీకు రెండు వేల పేజీలు చాలవు. గతంలో చిప్‌ల కంపెనీ ఎన్విడియాలో పనిచేసిన ల్యూక్ డ్యూరాంట్ ‘గింప్స్’ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ద్వారా దీన్ని పట్టుకున్నాడు. సరే, ఇంత పెద్ద సంఖ్య ప్రధానమేనని ఎలా తేల్చారు? నాకు కనబడిన వార్తల్లో ఆ ఊసే లేదు.

నిజానికి ఆ పద్ధతి హైస్కూలు పిల్లలకు అందేదే. పేరు ల్యూకా-లేమర్ పరీక్ష. ఇలా 2ను పదేపదే గుణించి 1 తీసేస్తే వచ్చే సంఖ్యలకే ఇది పనికొస్తుంది. 31నే తీసుకుందాం, అది 2 ఘాతం 5లోంచి (అంటే 2ను ఐదుసార్లు వేసి గుణించినదాంట్లోంచి) 1 తీసేస్తే వచ్చేది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయాలి: 14. మళ్లీ అదే పని చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. ఆ 8తో ఇంకోసారి: దాని వర్గం 64లోంచి 2 పోతే 62. దాన్ని 31తో భాగిస్తే శేషం సున్నా. ఘాతాంకం (ఇక్కడ 5) కన్నా రెండు తక్కువ సార్లు, అంటే ఇక్కడ మూడుసార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. 11 ప్రధాన సంఖ్యే అయినా 2 ఘాతం 11లోంచి 1 తీస్తే వచ్చే 2047 ప్రధానం కాదు, 23, 89ల లబ్ధం. ఈ పరీక్షకు నిలవదు.

టెక్సాస్‌లోని ఓ కంప్యూటరు కొత్త సంఖ్యను ఖరారు చేసింది కూడా ఈ లెక్కతోనే. కాకపోతే పదమూడున్నర కోట్ల మెట్లకు పైనే.

చివరి అంకెకైతే కంప్యూటరే అక్కర్లేదు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతుంటాయి. ఆ కొత్త సంఖ్య ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి చివర 2 వస్తుంది. ఒకటి తీస్తే 1.

డిసెంబరు 22న గణిత దినోత్సవం నాడు ఏటా రామానుజన్ ఫొటో, 1729 కథ వేస్తారు. వేయండి, వద్దనను. పక్కనే ఈ మూడు మెట్ల లెక్క కూడా వేసి, 127 (2 ఘాతం 7లోంచి 1 తీస్తే వచ్చేది) ప్రధానమో కాదో పిల్లల్నే తేల్చమనండి. దానికి ఐదు మెట్లు చాలు. చోటుంటే, ఏ సంఖ్య ప్రధానమో వేగంగా తేల్చే పద్ధతిని 2002లో కనిపెట్టిన ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనాల గురించీ నాలుగు మాటలు రాయండి.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి