పిల్లల పేజీలో ఒక ప్రోగ్రాము లిస్టింగు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రిక పిల్లల పేజీలో పదవినోదం, సుడోకు, తేడాలు కనుక్కొనే బొమ్మలు ప్రతి ఆదివారం వస్తున్నాయి. వాటి సరసన పక్షానికి ఒకసారి, పిల్లలు కాగితం చూసి తమ చేత్తో టైపు చేసుకొని ఆడుకొనే విధంగా, ఒక చిన్న కంప్యూటరు ఆట ప్రోగ్రామును అచ్చు వేయవలసిందని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. గణితం చెప్పిన ఉపాధ్యాయుడిగా నలభై ఏళ్ల కిందటి నా అనుభవం, ఈ వేసవి సెలవుల్లో మా మనవరాలితో గడిపిన మూడు మధ్యాహ్నాలు, రెండూ కలిసి నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

పత్రికలో ప్రోగ్రాము అచ్చు వేయడం ఏమిటని నేటి పాఠకులకు అనిపించవచ్చు. 1970ల చివరా 1980ల మొదటా విదేశాల్లో ఇళ్లలోకి ప్రవేశించిన చిన్న కంప్యూటర్లలో చాలావరకు, మీట నొక్కగానే బేసిక్ అనే ప్రోగ్రామింగు భాషలో మన ఆదేశం కోసం ఎదురుచూస్తూ తెరుచుకొనేవి. వాటికి ఇంటర్నెట్ లేదు, ఎక్కువవాటికి డిస్కు కూడా లేదు, రాసిన ప్రోగ్రామును దాచుకోవడానికి పాటల క్యాసెట్టే దిక్కు. అందుచేత ఒకరు రాసిన ఆట వేలమందికి చేరడానికి అన్నిటికంటే చవకైన దారి కాగితమే అయింది. పత్రిక లిస్టింగును, అంటే ప్రోగ్రాములోని వరుసలన్నిటినీ ఉన్నవి ఉన్నట్లుగా, అచ్చు వేసేది, పాఠకుడు ఒక్కో వరుసే టైపు చేసుకొనేవాడు. అమెరికాలో డేవిడ్ ఆల్ అనే ఆయన 1973లో ఇటువంటి 101 ఆటలను ఒక పుస్తకంగా కూర్చారు. మరుసటి ఏడాది క్రియేటివ్ కంప్యూటింగ్ అనే పత్రికను స్థాపించారు. 1978లో ఇంటి కంప్యూటర్లకు అనువుగా మార్చి వేసిన ఆటల పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. 1979లో మొదలైన కంప్యూట్ పత్రిక, బ్రిటన్‌లో సింక్లెయిర్ యూజర్, యువర్ కంప్యూటర్ వంటివి ఇదే బాట పట్టాయి. జపాన్‌లో మైకామ్ బేసిక్ మ్యాగజైన్ 1982లో మొదలై 2003 దాకా నడిచింది.

ఆ లిస్టింగులు ఎంత పొదుపుగా ఉండేవో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జడ్‌ఎక్స్81 అనే బ్రిటిష్ కంప్యూటరులో ఉండే జ్ఞాపకం ఒకే ఒక కిలోబైటు. డేవిడ్ హార్న్ అనే ప్రోగ్రామరు అందులో పట్టే చదరంగాన్ని రాయగా, యువర్ కంప్యూటర్ పత్రిక దాన్ని 1982 చివర, 1983 మొదట ప్రచురించింది. కోట కట్టడం, బంటు మంత్రిగా మారడం వంటి కొన్ని నియమాలను వదిలిపెట్టినా, మనిషితో ఎదురు ఆడగల ఆ చదరంగం మొత్తం 672 బైట్లు మాత్రమే. నేడు తెలుగు లిపిలో ఒక్కో సంకేతానికి (అక్షరానికి గానీ గుణింతపు గుర్తుకు గానీ) 3 బైట్లు పడతాయి కనుక, అంత చోటులో 224 సంకేతాలే రాయగలం. మీరిప్పుడు చదువుతున్న ఈ పేరాలో సగం కూడా అందులో పట్టదు.

మన దేశానికి ఆ కాలపు కంప్యూటరు బడి గుమ్మం గుండా వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను అందించడం ప్రారంభించింది. నేను అప్పుడు పనిచేస్తున్న ఉన్నత పాఠశాలకూ అవి వచ్చాయి. పాడవుతాయన్న భయంతో వాటిని గదిలో పెట్టి తాళం వేసేవారు, తాళంచెవి దొరికిన శనివారమే మాకు పండుగ. ఇంగ్లండులో ఉద్యోగం చేసే బంధువు ఒకాయన తెచ్చి ఇచ్చిన రెండు మూడు పత్రికలకు జిరాక్సు తీయించి, ఒక పిల్లవాడు పైకి చదువుతుంటే మరొకడు టైపు చేసే పద్ధతిలో ఆటలను ఎక్కించేవాళ్లం. ఆ యంత్రంలో 32 కిలోబైట్ల జ్ఞాపకం ఉన్నప్పటికీ, రంగులు బాగా కనబడే తెరను ఎంచుకుంటే అందులో 20 కిలోబైట్లు తెరకే పోయేవి. మిగిలిన దానిలోనే ప్రోగ్రాము సర్దుకోవాలి. "కామా పెట్టావా? సెమికోలనా?" అని ఆ గదిలో వినబడే మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ పిల్లలలో ఎవరికీ బేసిక్‌ను పాఠంగా నేను చెప్పలేదు. వారే చదివారు, వారే తప్పులు వెతికారు, మూడో వారానికి ఆటలో ప్రాణాలు మూడుకు బదులు తొమ్మిది చేసుకోవడానికి ఏ వరుస మార్చాలో నాకే చూపించారు.

ఇక ఈ వేసవి సంగతి. ఎనిమిదో తరగతి చదివే మనవరాలికి నాటి ఆట ఒకటి చూపిద్దామని, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డేవిడ్ ఆల్ పుస్తకపు స్కాను ప్రతి నుంచి హమురాబి అనే ఆట పేజీలు ప్రింటు తీయించాను. బ్రౌజరులోనే నడుస్తూ పాత బీబీసీ మైక్రోను అనుకరించే ఎమ్యులేటరు తెరిచి, ఒకటి రెండు వరుసలను ఆ యంత్రానికి తగినట్లు సర్ది, నేను చదువుతుండగా తను టైపు చేసింది. 1968లో డగ్ డైమెంట్ అనే ప్రోగ్రామరు ఫోకల్ అనే భాషలో రాసిన ఆటకు ఇది బేసిక్ రూపం. ఆడేవారు పదేళ్లు సుమేరియాను పాలించాలి. (హమ్మురాబి బాబిలోన్ రాజు; ఈ సవరణను చరిత్ర ఉపాధ్యాయుల తరఫున మా మనవరాలికి అప్పుడే చెప్పాను.) మొదట 100 మంది జనం, 1000 ఎకరాల భూమి, గాదెలో 2800 బుషెళ్ల (బుషెలు అంటే ధాన్యాన్ని కొలిచే విదేశీ కొలత) ధాన్యం ఉంటాయి. మనిషికి ఏడాదికి 20 బుషెళ్ల తిండి కావాలి, ఒక మనిషి 10 ఎకరాలే సాగు చేయగలడు, ఎకరాకు అర బుషెలు విత్తనం పోవాలి. ఎలుకలు తింటాయి, మహమ్మారి వస్తే సగం మంది పోతారు, ఒకే ఏడాదిలో జనంలో 45 శాతానికి మించి ఆకలితో చనిపోతే మన పదవీ పోతుంది. బొమ్మ ఒక్కటీ లేదు, అన్నీ వాక్యాలూ అంకెలే. అయినా తను భోజనానికి లేవలేదు.

భూమి ధర ఏటా మారుతుంది. ఎకరం 17 నుంచి 26 బుషెళ్ల మధ్య ఉండాలి. మొదటి ఏడాదే 47 అని వచ్చింది, తర్వాత 37, ఆ తర్వాత 67. నేను అదేదో పంటల లెక్క అనుకొని ఊరుకున్నాను. "తాతయ్యా, ప్రతిసారీ చివర ఏడే వస్తోంది, ఎందుకు?" అని తనే అడిగింది. ప్రింటు పక్కన పెట్టుకొని గంటసేపు వెతికితే, ధరను నిర్ణయించే వరుసలో యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చే ఆదేశం పక్కన, బ్రాకెట్లలో 1 అనే అంకెకు బదులు ఆంగ్ల అక్షరం ఐ టైపు చేశామని తేలింది. స్కానులో ఆ రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ ఆటలో ఐ అనేది ఆ ఏడాది ఊరికి వలస వచ్చినవారి సంఖ్యను దాచే చరరాశి, మొదట దాని విలువ 5. బీబీసీ బేసిక్ బ్రాకెట్లలో 1 ఉంటే సున్నాకూ ఒకటికీ మధ్య దశాంశ సంఖ్యను ఇస్తుంది. 5 ఉంటే ఒకటి నుంచి ఐదు వరకు పూర్ణ సంఖ్యను ఇస్తుంది. దాన్ని 10తో గుణించి 17 కలిపితే చివర 7 తప్ప మరో అంకె రావడానికి వీలు లేదు. మా మనవరాలు ఈ లెక్కను కాగితంమీద తానే వేసుకొని చూసింది. ఇంకొక మాట కూడా ఆ పిల్లకు చెప్పాను: ఆ పుస్తకం ఉద్దేశించిన మైక్రోసాఫ్ట్ బేసిక్‌లోనైతే బ్రాకెట్లలో సున్నాకంటే పెద్ద సంఖ్య ఏది ఉన్నా ఫలితం ఒకే తీరుగా ఉంటుంది కనుక, ఇదే తప్పు అక్కడ ఎన్నటికీ బయటపడేది కాదు.

అప్పటి నుంచి తను ఆగలేదు. మరుసటి రోజు బుషెళ్లు తీసేసి బస్తాలు చేసింది, ఎలుకల స్థానంలో పందికొక్కులను పెట్టింది. ఆ యంత్రానికి తెలుగు లిపి రాదు కనుక ఆంగ్ల అక్షరాలతోనే రాసింది. మూడో రోజు మహమ్మారిని తెచ్చే వరుసలను చూసి, అదే పద్ధతిలో పంటలో సగాన్ని తీసుకుపోయే తుపానును సొంతంగా కలిపింది. గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లకు సుమేరియాలో తుపాను లేకపోవడమే లోపంగా కనిపించింది. కోడింగు పేరుతో జరుగుతున్న శిక్షణలను నేను తక్కువ చేయడం లేదు, కానీ రంగు దిమ్మెలను లాగి పేర్చే ఆ పాఠాలలో మా మనవరాలు రెండేళ్లు గడిపినా, ప్రోగ్రామును ఒక పాఠ్యంగా మొదటి నుంచి చివరిదాకా చదవడం మాత్రం ఈ మూడు మధ్యాహ్నాలలోనే జరిగింది.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో సిద్ధంగా దొరుకుతున్నప్పుడు పత్రిక ఎందుకని అడగవచ్చు. తెరమీద దొరికినదాన్ని పిల్లలు చదవకుండానే కాపీ చేసి అతికిస్తారు. కాగితం మీది ప్రోగ్రామును ఒక్కో అక్షరమే చదవనిదే టైపు చేయలేరు, చదివిన చోటే సందేహం పుడుతుంది. ఇది వార్తాపత్రిక మాత్రమే చేయగల పని అని నా నమ్మకం.

అచ్చు విషయంలో కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. లిస్టింగును డీటీపీలో తిరిగి టైపు చేయించకుండా, నడిచిన ఫైలు నుంచే నేరుగా పేజీలోకి తీసుకోవాలి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ నిటారు ఉద్ధరణ చిహ్నాలను వంపు చిహ్నాలుగా, తీసివేత గుర్తును పొడవాటి గీతగా తనంత తానే మార్చేస్తుంది, ఆ ఒక్క మార్పుతో ప్రోగ్రాము ఆగిపోతుంది. అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఉండి, సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా స్పష్టంగా తెలిసే ఫాంటు కావాలి. వరుస కాలమ్ దాటి కిందికి విరగకూడదు. స్పెక్ట్రమ్ అనే నాటి బ్రిటిష్ కంప్యూటరు తెరమీద వరుసకు 32 అక్షరాలే పట్టేవి కనుక, పాఠకుడు పోల్చి చూసుకోవడానికి వీలుగా కొన్ని పత్రికలు లిస్టింగును కూడా ఆ కొలతకే వేసేవి. 1983లో కంప్యూట్స్ గెజిట్ పత్రిక ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ అనే చిన్న ప్రోగ్రామును ఇచ్చింది. అది టైపు చేసిన ప్రతి వరుసకూ ఒక సంఖ్యను చూపేది, అచ్చులో ఆ వరుస చివర ఉన్న సంఖ్యతో అది సరిపోవాలి. మొదటి రూపం అక్షరాల విలువలను కూడడమే చేసేది కనుక రెండు అక్షరాలు తారుమారైతే పట్టుకోలేకపోయేది. కూడికలో క్రమం మారినా మొత్తం మారదు కదా. స్థానాన్ని బట్టి గుణించి కూడితే ఆ లోపం ఉండదు, పిల్లలకు ఇది మంచి లెక్క కూడా అవుతుంది. అచ్చుతప్పు దొర్లితే మరుసటి పక్షం సవరణ వేయండి. నాటి పత్రికలూ వేసేవి.

హక్కుల చిక్కు గురించి మీరు ఆలోచిస్తారని తెలుసు. డేవిడ్ ఆల్ 2022లో తన రచనలను ప్రజల సొత్తుగా ప్రకటించారు కనుక, ఆ పుస్తకాల్లోని ఆటలను ఆధారం చేసుకోవడానికి ఇబ్బంది లేదు. వాటిని పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి నేటి భాషల్లోకి స్వచ్ఛందంగా మార్చినవారు ఇప్పటికే ఉన్నారు. పైథాన్‌లో చరరాశుల పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు: భూమి, ధాన్యం, జనం అని రాస్తే యంత్రం వాటిని యథాతథంగా అంగీకరిస్తుంది. నాటి పిల్లలు ఏ, పీ, ఎస్ అనే ఒంటరి అక్షరాలతో కుస్తీ పట్టవలసి వచ్చింది, మన పిల్లలకు ఆ కష్టం ఉండదు.

ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ఎక్కువమందే ఉన్నారన్నది నేను మరిచిపోలేదు. వారి కోసం ఉపాధ్యాయులకు ఒక విన్నపం: పేజీని కత్తిరించి బడిలో కంప్యూటరు ఉన్న గది గోడకు అంటించండి, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరిచేత చదివించి మరొకరిచేత టైపు చేయించండి, ఆ గదికి తాళం మాత్రం వేయకండి.

సుమేరియాను గోదావరి తీరానికి మార్చి, 36 అక్షరాలకు మించని వరుసలతో, తెలుగు పేర్లతో పైథాన్‌లో తిరగరాసిన ఆట ఒకటి సిద్ధంగా ఉంది. ముప్పై వరుసలలోకి తేవడానికి మహమ్మారిని తీసేయవలసి వచ్చింది. తుపానును మాత్రం ఉంచాలని మా మనవరాలు పట్టుబట్టింది. మీరు సరేనంటే ఫైలును, పరీక్షించి చూసిన ప్రింటును మీ కార్యాలయానికి పంపుతాము.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తణుకు