శానిటైజర్ కొట్టాక ముందు తిరిగొచ్చేది విబ్రియోనే

సంపాదకుడు గారికి,

రొయ్యల చెరువుల్లో బాక్టీరియా విజృంభిస్తోందని, రైతులు వెంటనే మందులు చల్లుకోవాలని మీ జిల్లా పేజీలో ఈమధ్య వచ్చిన వార్త చదివాను. నేను భీమవరం దగ్గర చిన్న వాటర్ ల్యాబ్ నడుపుతున్నాను. ఆ వార్త వచ్చిన మర్నాడు షట్టర్ తీసేసరికే నీళ్ల సీసాలతో రైతులు నిలబడి ఉన్నారు. అందరిదీ ఒకటే మాట: "మేడమ్, మా నీళ్లలో విబ్రియో ఉందా?"

ఉంది. లేకుండా ఎలా ఉంటుంది? ఉప్పు తగిలిన నీళ్లు ఎక్కడుంటే అక్కడ విబ్రియో అనే బాక్టీరియా జాతులుంటాయి. సముద్రంలో రొయ్యలు, పీతలు, కంటికి ఆనని చిన్న జీవులు వదిలే పెంకుల్లోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని తిని అరిగించుకునే బాక్టీరియాల్లో ఇవి ముఖ్యమైనవి. ఆ పని చేసేవాళ్లే లేకపోతే సముద్రం అడుగున పెంకులు పేరుకుపోయేవి. అమావాస్యకో పౌర్ణమికో మోల్టింగ్ అయి రొయ్య వదిలిన పొట్టు మీద, మన చెరువులోనూ చేరేది ఇవే. కాబట్టి విబ్రియో ఉందా అని కాదు, ఎంత ఉంది, ఏ రకం ఉంది, దానికి పోటీగా ఇంకేమున్నాయి అని అడగాలి.

మేం చేసేది టీసీబీఎస్ ప్లేటు, అంటే విబ్రియోను పెంచి చూసే పరీక్ష. ముదురు ఆకుపచ్చ జెల్ మీద చెరువు నీళ్లు కాస్త పరిచి ఇంక్యుబేటర్లో పెడితే, మర్నాటికి పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. పచ్చవి కనబడితే చాలు, రైతుకి టెన్షన్. ఆ రంగు చెప్పేదల్లా ఆ బాక్టీరియా చక్కెరను పులియబెడుతుందా లేదా అన్నదే. పులియబెడితే పసుపు, లేకపోతే పచ్చ. రొయ్యలు చిన్నప్పుడే చచ్చిపోయే ఈఎంఎస్ జబ్బు తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్ పచ్చగా వచ్చే మాట నిజమే కానీ, పచ్చగా వచ్చిందల్లా ఈఎంఎస్ కాదు. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం 2013లో ఆ జబ్బుకి కారణమైన బాక్టీరియాను పట్టుకుంది. విషం తయారుచేసే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటాయని ఆ తర్వాత తేలింది. ఆ చుట్ట ఉన్న రకమే రొయ్య లివరును తినేస్తుంది. అది ఉందో లేదో జన్యువును పట్టిచూపే పీసీఆర్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇదంతా నేను చెబుతుండగానే ప్లేటు ఫొటో వాట్సాప్‌లో మందుల షాపుకి వెళ్లిపోతుంది. అక్కడినుంచి శానిటైజర్ (నీళ్లలో క్రిములను చంపే మందు) పేరు వచ్చేస్తుంది.

పంట మధ్యలో శానిటైజర్ కొట్టిన చెరువు ప్లేటు మొదటిరోజు దాదాపు ఖాళీగా వస్తుంది. రైతు సంతోషంగా ఇంటికెళ్తాడు. నాలుగు రోజులు పోయాక అదే చెరువు నీళ్లు తెస్తే చుక్కలు లెక్కపెట్టలేనన్ని. ఇది చాలాసార్లు చూశాను. మందుకి ఆల్గే (నీటిలోని నాచు) చచ్చింది, మిగిలిన మేత అడుగునే ఉంది. అంటే తిండి బోలెడు, పోటీ లేదు. దున్ని వదిలేసిన చేలో ముందు మొలిచేది కలుపే కదా. మంచి తిండి దొరికితే విబ్రియో అరగంట కూడా పట్టకుండా రెట్టింపవుతుంది. రొయ్యకు చేటు చేసే అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్ బాక్టీరియా కూడా మందుకి చస్తుంది, మళ్లీ రెట్టింపు కావడానికి దానికి గంటలకు గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే శానిటైజర్ కొట్టిన వారంలో విబ్రియోతోపాటు అమ్మోనియా కూడా పెరిగిందని రైతు మళ్లీ పరుగెత్తుకొస్తాడు. దానికో మందు!

యాంటీబయాటిక్ సంగతి ఇంకా ఘోరం. మందుకు తట్టుకున్న బాక్టీరియా ఆ జన్యువును పక్క జాతికి కూడా అందిస్తుంది. ఒకరు డ్రెయిన్‌లోకి వదిలిన నీళ్లే కింద రైతు మోటారు పెట్టి తోడుకుంటాడు. రొయ్యలో మందు అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనర్ వెనక్కి రావడం సరేసరి.

బ్లీచింగ్ వద్దని నేననడం లేదు. సీడు (రొయ్య పిల్లలు) వేయకముందు నీళ్లకు కొట్టండి, తర్వాత కొన్నాళ్లు ఆగి ఆల్గే, మంచి బాక్టీరియా పెరిగేలా నీటిని ముదరనివ్వండి. జబ్బు వచ్చిన చెరువును డ్రెయిన్‌లోకి వదిలేముందు తప్పనిసరిగా కొట్టండి. మనవాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు: పంట మధ్యలో కొడతారు, జబ్బు చెరువును రాత్రికి రాత్రే తూము ఎత్తి వదిలేస్తారు.

ప్రోబయాటిక్ (చెరువులో వేసే మంచి బాక్టీరియా పొడి) గురించి కూడా ఒక మాట. బాసిల్లస్ బాక్టీరియా అడుగున బురదను, మిగిలిన మేతను అరిగించగలదు, విబ్రియోకి పోటీ ఇవ్వగలదు. ఒక రైతు తెచ్చిన ప్యాకెట్ మీద గ్రాముకి వందల కోట్లని ఉంది. ప్లేటు మీద పెడితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని లేచాయి. తయారీ తేదీ స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్! బతికున్న సరుకు అది ఎండలో, షాపు గోడౌన్‌లో ఎన్నాళ్లు పడి ఉందో. పైగా అందులో అమ్మోనియా మీద పనిచేసే బాక్టీరియా కూడా ఉందంటారు. ఏళ్ల తరబడి పొడిగా నిలవుండేది బాసిల్లస్, ఎందుకంటే అది గట్టి బీజంగా మారుతుంది. నైట్రోసోమోనాస్‌కి ఆ విద్య తెలీదు.

మత్స్యశాఖ వారు ఈ ప్యాకెట్లను షాపుల్లోంచి తీసి ప్లేటు మీద పెట్టించి, ఏ కంపెనీది ఎంత లేచిందో బయటపెట్టాలి. జబ్బు చెరువు నీళ్లు బ్లీచింగ్ చేయకుండా వదిలేవారిపై చర్య తీసుకోవాలి. మీరు కూడా ఇంకోసారి వార్త వేసేటప్పుడు "మందులు చల్లుకోవాలి" అన్న దగ్గర "ముందు పీసీఆర్ చేయించుకోవాలి" అని వేయించగలరు.

ఇట్లు,
ఒక వాటర్ ల్యాబ్ నిర్వాహకురాలు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా