యంత్రాలతో పాటు మనుషులనూ ఇవ్వండి: కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో సెల్ బయాలజీ చెబుతూ పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను. మా నగరంలోని ఏదైనా ఒక విశ్వవిద్యాలయంలో, చుట్టుపక్కల కాలేజీలు, ఆస్పత్రుల పరిశోధకులంతా వాడుకునేలా మానవ మూలకణాలను (శరీరంలోని రకరకాల కణాలుగా మారగల కణాలను) పెంచే ఉమ్మడి ల్యాబ్ ఒకటి మంజూరు చేయండి. దాంతో పాటే శాశ్వత సిబ్బందినీ ఇవ్వండి. నా అసలు విన్నపం ఈ రెండోదే.

ఈ కణాలకు సెలవులు లేవు. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ తప్పకూడదు. మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, దాదాపు రోజూ మార్చాలి, అది ఆదివారమైనా సంక్రాంతైనా సరే. పట్టించుకోకపోతే అవి మూలకణాలుగా నిలవకుండా ఇంకేవో కణాలుగా మారిపోతాయి. బాగానే పెరుగుతున్నట్టు కనిపించే కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచుతున్న కణాల్లో) కూడా 20వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క అదనంగా చేరిన జన్యులోపం ఉండొచ్చు. మైకోప్లాస్మా సోకితే మరీ కష్టం. ఆ బాక్టీరియాకు కణగోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనిపించదు. క్రమం తప్పకుండా దాని డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. ఇవన్నీ ఒక్క విద్యార్థి తన థీసిస్ రాసుకుంటూ చేయగలిగే పనులా?

ఇప్పుడు జరుగుతున్నది చెబుతాను. మూడేళ్ల ప్రాజెక్టు వస్తుంది, కణాలను పెంచే ఇంక్యుబేటర్ కొంటారు, సూక్ష్మజీవులు చేరకుండా పనిచేసుకునే హుడ్ పెడతారు. పని నేర్చుకున్న ప్రాజెక్ట్ అసిస్టెంట్ ప్రాజెక్టుతో పాటే వెళ్లిపోతారు. నాకు తెలిసిన ఒక విభాగంలో అలా వెళ్లాక, కణాలను గడ్డకట్టించి దాచే లిక్విడ్ నైట్రోజన్ నింపించేవాళ్లు లేక, రోగుల రక్తం నుంచి తయారుచేసిన కణాలన్నీ పోయాయి. ఆ రక్తం ఇచ్చినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. మళ్లీ వెళ్లి వాళ్లను ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

కాలిఫోర్నియా ప్రజలు 2004లో ఓటు వేసి మూలకణ పరిశోధనకు 300 కోట్ల డాలర్లు కేటాయించుకున్నారు. ఆ నిధులతో 2007లో 17 సంస్థలకు ఉమ్మడి ల్యాబ్‌ల గ్రాంట్లు ఇచ్చారు. అమెరికా ప్రభుత్వం 2001లో పిండ మూలకణాల (తొలి దశ పిండం నుంచి తీసిన మూలకణాల) పరిశోధనకు ఇచ్చే తన నిధుల మీద ఆంక్షలు పెట్టింది కాబట్టి వాళ్లకు విడిగా ల్యాబ్‌లు అవసరమయ్యాయి. మన ఇబ్బంది వేరు, మనకు చాలనిది డబ్బు. అయినా వాటిలో కొన్ని ల్యాబ్‌లకు కల్చర్ పని నేర్పే కోర్సులు నడిపే బాధ్యత కూడా అప్పగించారు. మనం తీసుకోవాల్సింది అదే.

మా దగ్గర అనుభవం లేక అడగడం లేదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచే కంటి అంచు మూలకణాలను పెంచి రోగులకు అమరుస్తున్నారు. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఇక్కడే ఉంది. వెల్లూరులో రోగి సొంత మూలకణాలలోనే జన్యువు చేర్చి హీమోఫీలియా ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జన్యు వ్యాధి) చికిత్సను మనుషుల మీద పరీక్షించిన సంగతి 2024లో మీరే దేశానికి చెప్పారు. ఆ పని చేసిన కేంద్రం మీ బయోటెక్నాలజీ విభాగం అండతోనే నడుస్తోంది. అలాంటి అండ విశ్వవిద్యాలయాలకూ కావాలి.

2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఈ పరిశోధనకు సంస్థలో ప్రత్యేక కమిటీ అనుమతి ఉండాలి. ఆ నిబంధన సరైనదే, సడలించమని అడగను. కానీ చిన్న కాలేజీకి సొంతంగా కమిటీ వేసుకోవడం సాధ్యం కాదు. ఉమ్మడి ల్యాబ్ ఉన్న విశ్వవిద్యాలయం వాళ్లకు ఆ దారి చూపగలదు.

కనీసం ఒక మేనేజర్, ఇద్దరు టెక్నీషియన్లకు రెగ్యులర్ పోస్టులు ఇవ్వండి. రియేజెంట్లకు (ప్రయోగాల్లో వాడే రసాయనాలకు), నైట్రోజన్‌కు, జనరేటర్ డీజిల్‌కు ఏటా విడిగా నిధులు కేటాయించండి. యంత్రాల జాబితాలో ఖరీదైన మైక్రోస్కోపు ఒకటి తగ్గించినా మాకు అభ్యంతరం లేదు. మీ శాఖ పిలిస్తే వివరమైన ప్రతిపాదనతో వచ్చి కలుస్తాం.

భవదీయుడు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు,
హైదరాబాద్