ప్లే థెరపీ ఖర్చు: సెషన్లు లెక్కపెట్టడం కాదు, చికిత్స పూర్తవ్వాలి

సంపాదకుడు గారికి,

పిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఈమధ్య పత్రికల్లో రాతలు పెరిగాయి. మంచిదే. కానీ అవన్నీ "ఆలస్యం చేయకుండా నిపుణుల్ని కలవండి" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాయి. కలిశాక ఎన్నాళ్లు పడుతుంది, డబ్బు ఎవరు కట్టాలి, మధ్యలో కట్టలేకపోతే ఆ బిడ్డ గతేమిటి అన్న సంగతి ఎవరూ రాయరు. నా కూతురు ప్లే థెరపీకి, అంటే ఆట ద్వారా చేసే మానసిక చికిత్సకు, వెళ్లింది. అక్కడ పరిచయమైన తల్లిదండ్రుల్లో కొందరు పిల్లలు కుదుటపడుతున్న సమయంలోనే డబ్బు చాలక మానేశారు. అందుకే ఈ ఉత్తరం.

"ఆడించడానికి ఫీజా? ఇంట్లో బొమ్మలు లేవా?" అని అయినవాళ్లే అడుగుతారు. పెద్దవాళ్లకు బాధ కలిగితే నోటితో చెప్పుకుంటారు. నాలుగైదేళ్ల పిల్లలకు ఆ మాటలు ఇంకా రావు. బొమ్మ ఇల్లు కట్టి, కూల్చి, మళ్లీ కడతారు. ఒకే బొమ్మకు రోజూ జబ్బు చేయిస్తారు. వాళ్లు చెప్పదలచుకున్నది అందులోనే ఉంటుంది. 1920లలోనే మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, మెలనీ క్లైన్ పిల్లల చికిత్సలో ఆటను వాడారు. ఆ తర్వాత 1940లలో అమెరికాలో మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ పిల్లలే దారి చూపే పద్ధతిని తీర్చిదిద్దారు. ఈ పద్ధతిలో థెరపిస్టు ఆటను నడిపించరు, పిల్లల వెంట నడుస్తారు. పిల్లలు చేస్తున్నదాన్ని, వాళ్లకు అనిపిస్తున్నదాన్ని నెమ్మదిగా మాటల్లో పెడతారు. కొట్టడం, పగలగొట్టడం వంటివాటికి మాత్రం హద్దు గీస్తారు. కుటుంబం బొమ్మలు, డాక్టర్ కిట్టు, ఇసుక, రంగులు, కోపం వెళ్లగక్కడానికి పనికొచ్చేవి, ఇలా ఆ గదిలోని ప్రతి వస్తువునూ ఆలోచించి పెడతారు. ఎక్కువగా మూడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు ఇది నప్పుతుంది.

ఇక కాలం సంగతి. వారానికోసారి, అదే గదిలో, అదే వేళకు, అదే మనిషితో ముప్పావు గంట. ఈ మార్పులేని తనం కూడా చికిత్సలో భాగమే. 2005లో అచ్చయిన ఒక పెద్ద సమీక్ష 93 అధ్యయనాలను కలిపి చూసింది. ప్లే థెరపీ అందిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మేలు కనిపించిందనీ, 35 నుంచి 40 సెషన్ల దగ్గర ఫలితం అన్నిటికన్నా బాగుందనీ తేల్చింది. అందులోని చాలా అధ్యయనాలు చిన్నవి కాబట్టి ఆ అంకెనే పట్టుకుని ప్రతి బిడ్డకూ అన్ని కావాలనడం సరికాదు. అంతకన్నా తక్కువలోనే తేరుకునే పిల్లలూ ఉంటారు. అయినా నాలుగైదు సెషన్లలో తేలిపోయే పని కాదన్నది స్పష్టం. మొదటి కొన్ని వారాలు ఈ పెద్దమనిషిని నమ్మవచ్చా లేదా అని పరీక్షించడానికే సరిపోతాయి.

చికిత్సకు డబ్బు సమకూర్చే పద్ధతి మాత్రం దీనికి పూర్తి విరుద్ధంగా ఉంది. మా ఇన్సూరెన్స్ ముందుగా ఒక రోగం పేరు అడిగింది. ఆప్తుల్ని పోగొట్టుకున్న బిడ్డకు, తల్లిదండ్రులు విడిపోతే నిద్రపోని బిడ్డకు, ఏ రోగం పేరు రాయాలి? జరిగినదానికి తట్టుకోలేకపోవడం జబ్బు కాదు, సాయం అందకపోతే జబ్బుగా మారే ప్రమాదం మాత్రం ఉంది. డబ్బు రావాలంటే రోగం పేరు రాయించాలి, ఆ పేరు పిల్లల రికార్డులో ఉండిపోతుంది. ఇష్టం లేకపోతే మొత్తం చేతినుంచి పెట్టుకోవాలి. ఏ తల్లిదండ్రుల ముందూ పెట్టకూడని బేరం ఇది.

ఇన్సూరెన్స్ వాళ్లు పెట్టిన రెండో అభ్యంతరం నన్ను ఇంకా బాధించింది. థెరపిస్టు కొన్ని వారాలకోసారి మమ్మల్ని విడిగా పిలిచేవారు. పిల్ల ఆటలోని విషయాలు బయటపెట్టకుండానే, ఇంట్లో మేం ఏం మార్చుకోవాలో చెప్పేవారు. ఈ భేటీలకు ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వలేదు. పేషెంటు గదిలో లేరు కాబట్టి అది చికిత్స కాదన్నారు! నేను పైన చెప్పిన సమీక్షలోనే ఇంకో మాట ఉంది. నిపుణులు నేరుగా చేసినదానికన్నా, నిపుణుల శిక్షణలో తల్లిదండ్రులే పిల్లలతో ఆ పద్ధతిలో ఆడినప్పుడు ఫలితం ఎక్కువగా కనిపించింది. ఇది కొత్త సంగతీ కాదు. 1960లలోనే అమెరికాలో మనస్తత్వవేత్తలైన బెర్నార్డ్, లూయీస్ గర్నీ దంపతులు తల్లిదండ్రులకు ఈ విద్య నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత ఇతరులు దాన్ని పది వారాల శిక్షణగా కుదించారు కూడా. వారానికోసారి అరగంట, ఏరి ఉంచిన కొన్ని బొమ్మలు, ఫోను పక్కన పెట్టి కూర్చునే తల్లో తండ్రో, సరిదిద్దడానికి ఒక థెరపిస్టు ఉంటే చాలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే ఈ భాగానికే డబ్బు ఇవ్వకపోవడం ఎంత తెలివితక్కువ పొదుపో ఆ సంస్థలే ఆలోచించాలి.

మధ్యలో ఆపేస్తే ఏమవుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. చికిత్స ముగించడానికీ ఒక పద్ధతి ఉంది. ముగింపు దగ్గరపడుతోందని కొన్ని వారాల ముందే పిల్లలకు చెబుతారు. ఇంకా ఎన్నిసార్లు వస్తారో క్యాలెండర్‌లో చూపిస్తారు. వీడ్కోలు చెప్పడానికి సమయం ఇస్తారు. బీమా డబ్బు ఇచ్చే సెషన్ల పరిమితి ముగిసిందని ఒక వారం ఉన్నట్టుండి ఆపేస్తే ఆ పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే: నమ్మిన మనిషి మళ్లీ మాయమయ్యారు. మనుషుల్ని పోగొట్టుకున్నందువల్లే ఆ గదికి వచ్చిన పిల్లల చేత ఇంకొకరిని పోగొట్టుకునేలా చేస్తున్నాం. కనీసం వీడ్కోలు సెషన్లకైనా డబ్బు ఆపకూడదని నియమం ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టే తల్లిదండ్రులకు తోటి తల్లిగా కొన్ని మాటలు. ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. వినికిడి లోపం, మాట ఆలస్యం, నిద్ర సమస్య వంటివాటికి వేరే సాయం కావాలి, ప్లే థెరపీ వాటికి బదులు కాదు. థెరపిస్టు ఎక్కడ చదివారు, పిల్లల మీద ప్రత్యేక శిక్షణ ఉందా, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగడానికి మొహమాటపడకండి. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టు, డ్రామా థెరపిస్టు అన్న పేర్లకు చట్టం రక్షణ ఉంది, ప్లే థెరపిస్టు అన్న పేరుకు లేదు. అక్కడ గుర్తింపు పొందిన రిజిస్టర్లలో పేరుందో లేదో చూసుకోవడం కుటుంబం బాధ్యతే. అమెరికాలో 1982లో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ ప్లే థెరపీ, అర్హత ఉన్నవాళ్లను వేరుగా నమోదు చేస్తుంది. ఇలాంటి ఏర్పాటు లేనిచోట ఎవరైనా నాలుగు బొమ్మలు పెట్టుకుని బోర్డు కట్టవచ్చు.

డబ్బు మాట మొదటి భేటీలోనే, పిల్లలు లేనప్పుడు, తేల్చుకోవాలి. ఒక్క సెషన్ ఫీజు తెలిస్తే చాలదు. సుమారుగా ఎన్ని నెలలు అనుకుంటున్నారు, తల్లిదండ్రుల భేటీకి, స్కూలు టీచర్‌తో మాట్లాడటానికి, రిపోర్టుకి వేరే ఫీజు ఉందా, జ్వరం వచ్చి రాలేకపోతే కట్టాలా, ఎప్పుడు సమీక్షిస్తారు, మాకు ఇబ్బంది వస్తే ఏం చేస్తారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే థెరపిస్టులు ఉంటారు, అడగనివాళ్లకు ఆ సంగతి తెలియదు. శిక్షణ సంస్థల క్లినిక్‌లలో విద్యార్థులు పర్యవేక్షణ కింద తక్కువ ఫీజుకి చూస్తారు. థెరపిస్టుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ ముప్పావు గంట వెనుక నోట్సు రాయడం, గది సర్దడం, తమకన్నా అనుభవజ్ఞులతో కేసు చర్చించడం ఉంటాయి. మనం కట్టే ఫీజు వీటన్నిటికీ కలిపి.

పిల్లలకు ముందుగా చెప్పి తీసుకెళ్లండి. "నీకు ఈమధ్య దిగులుగా ఉంటోంది కదా, అలాంటి పిల్లలతో ఆడే ఆంటీ ఉన్నారు, అక్కడ ఏం ఆడాలో నీ ఇష్టం" అంటే చాలు. పాడైనా ఫర్వాలేదనే బట్టలు వేయండి. బయటికి రాగానే "ఏం చెప్పావు, ఏం ఆడావు" అని గుచ్చి గుచ్చి అడగవద్దు. అల్లరి చేస్తే థెరపీకి పంపనని బెదిరించడం అసలే వద్దు. కొన్ని వారాలకు కోపం, ఏడుపు పెరిగినట్టు అనిపించవచ్చు. చాలామంది డబ్బు దండగ అనుకుని మానేసేది అప్పుడే. మానే ముందు థెరపిస్టుతో మాట్లాడండి.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆడుకునే హక్కు ఉంది. నిర్లక్ష్యానికి, హింసకు, యుద్ధానికి గురైన పిల్లలు కోలుకోవడానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 39వ అధికరణం చెబుతోంది. సంతకం పెట్టిన ప్రభుత్వాలు పిల్లలకు ఈ చికిత్సను స్కూళ్ల ద్వారానైనా అందించాలి. బీమా సంస్థలు రోగం పేరు లేకుండానే మొదటి కొన్ని నెలల ఖర్చు భరించాలి, తల్లిదండ్రుల శిక్షణను చికిత్సగా గుర్తించాలి, పరిమితి దగ్గరపడుతుంటే రెండు నెలల ముందే కుటుంబానికి తెలియజేయాలి. మీ పత్రిక ఈ మూడు విషయాల మీద బీమా సంస్థల వివరణ అడిగి, వాళ్ల జవాబును యథాతథంగా అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి