మా ఆల్బమ్ వచ్చేసింది, వీళ్లందరి చలవతో

ఆల్బమ్ మొత్తానికి అన్ని యాప్‌లలోకీ ఎక్కింది. ఎనిమిది రాక్ పాటలు, వెనక లేబుల్ అనే మ్యూజిక్ కంపెనీ ఏదీ లేదు. పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో రచయిత, గాయకుడు, ప్రొడ్యూసర్ అని గడులున్నాయి గానీ మిల్లు ఇచ్చినవారికీ, చీటీ పాడినవారికీ గడి లేదు. అందుకే ఈ పోస్టు.

ముందు తెనాలి బాబాయికి. లైవ్ డ్రమ్స్ పట్టే స్టూడియో అద్దె మా తాహతుకి మించిపోయింది. మర ఆగే రోజులు చూసి బాబాయి రైస్ మిల్లు తాళాలు చేతిలో పెట్టాడు. పైన రేకులు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ మోగినప్పుడల్లా ఎక్కడో ఓ రేకు జుయ్యిమనేది. ఇద్దరు హమాలీ అన్నలు కాసేపు విని, మేం అడక్కుండానే డ్రమ్స్ వెనక ధాన్యం బస్తాలు మనిషెత్తున పేర్చారు. ఒకాయన నిచ్చెనెక్కి, రేకు ఇనప కమ్మీకి కొట్టుకునే చోట గోనె ముక్క కుక్కి దిగాడు. అంతే, మోత ఆగిపోయింది. స్టూడియోల వాళ్లు బేస్ ట్రాప్ అని వేలు పోసి కొనేది చేసే పనీ ఇదే, మూలల్లో మూగే లోతు శబ్దాన్ని మింగెయ్యడం. మూడో పాటకి మాత్రం బస్తాలు పక్కకి తీయించి, ఒక మైకు మిల్లు ఆ చివర పెట్టాం. చివర్లో వినపడే ఆ పెద్ద మోత కంప్యూటర్లో కలిపే ప్లగిన్ కాదు, మిల్లే. పిచ్చుకలు కూడా ఉన్నాయి, తీసెయ్యబుద్ధి కాలేదు. డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి సింబల్స్ మీద తవుడు తుడవలేక చచ్చాం, అది వేరే సంగతి.

అమ్మ. ముందు నెలల్లో చీటీ పాడితే ఎంత కోత పడుతుందో తెలిసి కూడా పాడింది. మా రాక్ ఆవిడకి ఇప్పటికీ "ఆ అరుపుల పాటలే".

మిక్సింగ్ చేసిన అన్నకి నేను బాకీ పడింది డబ్బొక్కటే కాదు. సౌండ్ ఇంకా పెంచమని నేను పోరుతుంటే, స్పాటిఫై ఎలాగూ అన్నిటినీ మైనస్ 14 LUFS (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది, స్నేర్ డ్రమ్ దెబ్బ చంపుకోవడం దేనికని ససేమిరా అన్నాడు. ఇంకోటి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా, గిటార్ టక్కున ఆగినా గొంతు వెనకాలే సాగుతూ ఉండేది. పల్లవి చివరి మాటని అర బీటు ముందుకి జరిపి మళ్లీ పాడించాడు. పాట అప్పుడు నిలబడింది.

కవర్ మీది అక్షరాలు ఫాంటు కాదు. సైన్‌బోర్డులు రాసే పెద్దాయన రేకు మీద ఎనామిల్ పెయింటుతో రాసిచ్చారు. డబ్బులివ్వబోతే, క్యాసెట్ వేశాక ఒకటివ్వు చాలన్నారు.

పాటలు సగం సగం ఉన్నప్పుడు హైదరాబాద్ లామకాన్ కల్చరల్ సెంటర్‌లో ఓపిగ్గా కూర్చుని విన్నవాళ్లకి దండాలు. పాటలు నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ మామూలుగా 15 శాతం పట్టుకుంటుంది, ఆ వాటా వదులుకునే శుక్రవారం దాకా ఆగి మరీ కొన్న డాలస్ తెలుగువాళ్లకీ, ఫోన్‌పే కొట్టి ఫైళ్లు తీసుకున్నవాళ్లకీ కూడా. ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకి స్పాటిఫై 2024 నుంచి పైసా ఇవ్వట్లేదు. మాలాంటి వాళ్లకి మీలో ఒక్కరు కొన్నా అది పెద్ద లెక్కే.

విడుదల రోజు మా పాటలు రెండు అదే పేరున్న ఇంకో ఆర్టిస్టు పేజీలోకి వెళ్లిపోయాయి. మాకంటే ముందు కనిపెట్టి, స్క్రీన్‌షాట్లతో సహా పంపిన వరంగల్ తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే వారం దాకా మాకు తెలిసేది కాదు.

కొద్దిగా సీడీలు కూడా వేయిస్తున్నాం. లోపలి పుస్తకంలో హమాలీ అన్నల పేర్లు డ్రమ్మర్ పేరు పక్కనే వస్తాయి, వాళ్లూ సరేనన్నారు. ప్రింటుకి ఇంకా ఇవ్వలేదు. మీరు సాయం చేసి ఉండి నేను మర్చిపోతే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టండి, పేరు ఎక్కిస్తాను.